ఆరో రీలు పద్దెనిమిది నిమిషాలు

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా యాభైకి, మస్కట్ దగ్గరి ఘాలాలో ఒక గోడౌన్ ముందు బాబు మియా కారు ఆపాడు. హారన్ కొట్టలేదు. దిగి, ఇనుప గేటు మీద కారు తాళంతో టకటకమని కొట్టి, గొంతు మార్చి "పోస్ట్" అని అరిచాడు.

ఒమన్‌లో గేటు దాకా ఉత్తరం తెచ్చే పోస్ట్‌మాన్ ఉండడు. అందుకే గేటు వెంటనే తెరుచుకుంది. తెరిచినవాడు కంపెనీ సెక్యూరిటీ మేనేజర్ సురేందర్.

"నువ్వా," అన్నాడు సురేందర్. ముఖం మీద చీమ కుట్టినట్టుగా ఉంది.

"నేనే నాయనా. ఉత్తరం ల్యాదు గానీ, మనిషినే వచ్చినా."

"మనిషి అక్కర్లేదు. పో."

సురేందర్ గేటు సందులో బూటు పెట్టి నిలబడ్డాడు. వరంగల్ మనిషి. ఆరడుగుల ఎత్తు, ఇస్త్రీ చొక్కా, నడుముకు వాకీటాకీ. "చిచ్చా, నీది మబేలాల టైపింగ్ దుకాణం. వీసా ఫారాలు కొట్టుకో, ఫోటోలు అంటించుకో. ఇది క్రైమ్ కేసు. దొంగ దొరికిండు. నాలుగింటికి పోలీసులొస్తున్నరు. అయిపోయింది."

టైపింగ్ దుకాణం మాట నిజమే. కడప నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా బాబు మియా నడిపేది అదే. కానీ పాస్‌పోర్టు పోయినవాడు, ఏజెంటు చేతిలో మోసపోయినవాడు, చెయ్యని తప్పుకు ఇరుక్కున్నవాడు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళేముందు ఆ దుకాణానికే వచ్చేవారు. యాభై ఎనిమిదేళ్ళ ఆ పొట్టి మనిషి వాళ్ళని ముందు ఏడిపించేవాడు, తరవాత నవ్వించేవాడు, ఆఖరికి పోయినదేదో వెతికిపెట్టేవాడు.

ఆయన ఫోన్ తీసి ఒక వాయిస్ మెసేజ్ వినిపించాడు. సలాలాలో ఉన్న కంపెనీ యజమాని గొంతు అది. అరబీలో నాలుగే మాటలు: బాబు మియాని నాలుగింటి దాకా చూడనివ్వండి.

సురేందర్ బూటు వెనక్కి తీశాడు. "అర్బాబ్‌ను, అసలు ఓనర్‌నే పట్టినవ్."

"రెండేండ్ల కింద ఆయన డ్రైవర్ పారిపోతే నేనే వెతికిచ్చినా. ఈపొద్దు వాడుకుంటాండా. సరే, బువ్వ తిన్యావా?"

"నా తిండి సంగతి నీకెందుకు?"

"ఆకలి మీద ఉండే మనిషి తప్పుడు రిపోర్టు రాస్తాడు. అందుకని అడిగినా."

 సురేందర్ ఆయన్ని లోపలికి రానిచ్చి గేటు ధడాలున మూశాడు.

*

కేసు ఇది. యజమాని తండ్రి డెబ్బైల్లో ఆయిల్ క్యాంపుల్లోని తెల్లదొరలకు చూపించడానికి బైరూత్ నుంచి సినిమా ప్రింట్లు కొనేవాడు. వాటిలో ఒకటి 'ఉప్పు గుర్రం' అనే ఎనిమిది రీళ్ళ స్పెయిన్ సినిమా. స్పెయిన్‌లో మిగిలినదంతా సెన్సార్ కత్తిరించిన కాపీయే. విదేశాలకు పంపిన పూర్తి కాపీ ఘాలా గోడౌన్‌లో, ఏసీ గదిలో, తుప్పు పట్టిన డబ్బాల్లో దొరికింది. మాడ్రిడ్‌లోని ఓ ఫౌండేషన్ దాన్ని కోరింది. ప్రింటు పరీక్షించడానికి జావెద్ అనే ఎక్స్‌పర్టును పంపింది. రీళ్ళను ప్రొజెక్టర్ మీద నడిపి చూపించే పని ఖమరుద్దీన్‌ది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఒకప్పుడు మస్కట్ సినిమా హాల్లో ఆపరేటర్.

శుక్రవారం మధ్యాహ్నం రెండూ ఐదుకి, టీ తీసుకుని వెళ్ళిన వాచ్‌మన్ భూమయ్యకు ఖమరుద్దీన్ నేల మీద రక్తంలో కనిపించాడు. ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు. ఊపిరి ఉంది, మాట లేదు. ఆరో రీలు మాయమైంది. దాని ఖాళీ డబ్బా భూమయ్య మంచం కింద దొరికింది.

నాలుగింటికి పోలీసులు వస్తే భూమయ్య మీద దొంగతనం, హత్యాయత్నం రెండూ పడతాయి. ఆ కేసు కాగితం మీద సంతకం అయ్యాక అతన్ని బయటికి లాగడం బాబు మియా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు.

*

భూమయ్య గేటు పక్క క్యాబిన్‌లో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. జగిత్యాల దగ్గరి ఊరు. నలభై ఏడేళ్ళు. రెండు రోజులుగా గడ్డం గీయలేదు. సురేందర్ తలుపులో నిలబడ్డాడు.

"భూమయ్యా, నన్ను మీ శాంతవ్వ పంపింది," అన్నాడు బాబు మియా.

భార్య పేరు వినగానే భూమయ్య లేవబోయాడు. సురేందర్ "కూసో" అన్నాడు. అతను కూర్చున్నాడు.

"సారూ, నేనేం జెయ్యలే. ఖమరుద్దీన్ సారు నాకు అన్న లెక్క. ఆయనను నేనెందుకు కొడ్త?"

"అది తరవాత. టైములు చెప్పు. జావెద్ ఎప్పుడు పోయినాడు?"

"పదకొండు నలభైకి పోయిండు. రిజిస్టర్ల రాసిన."

"నువ్వు గేటు ఎప్పుడు వదిలినావు?"

భూమయ్య సురేందర్ వైపు చూశాడు. "పన్నెండు ముప్పై అయిదుకు. శుక్రారం మెస్సు తిండి కంపెనీ బస్సుల వస్తది సారూ. బస్సు లోపటికి రాదు, రౌండబౌట్ కాడ్నే ఆగుతది. అందరం పోయి టిఫిన్ దెచ్చుకుంటం. పన్నెండు యాభై అయిదుకు వాపస్ వచ్చిన."

"గేటుకు తాళం వేసినావా?"

"వెయ్యలే. ఉత్తగ దగ్గరికి జరిపిన. ఎవ్వరం వెయ్యం. ఇరవై నిమిషాలే గద."

"ఇన్నవా?" అన్నాడు సురేందర్. "పన్నెండున్నరకు ముసలాయనను కొట్టిండు. రీలు సంచిల వేసుకొని బస్సు కాడికి పోయి ఎవనికో ఇచ్చిండు. ఏం ఎరుగనట్టు అన్నం తిన్నడు."

"అన్నం తిన్నంక?" బాబు మియా సురేందర్‌ని పట్టించుకోలేదు.

"ఒంటిగంట పన్నెండుకు మా శాంతవ్వ వీడియో కాల్ చేసింది. ఒకటి నలభై తొమ్మిది దాక మాట్లాడిన. గిక్కడ్నే, గీ స్టూల్ మీద. ఆమెకు గేటు గుడ కనవడ్డది."

"ఆ కాల్ ఫోటో నా దగ్గర ఉండాది. శాంతవ్వ పంపింది," అన్నాడు బాబు మియా.

"ఆ కాల్ తీస్కపోయి గోడకు అంటించు," అన్నాడు సురేందర్. "నేను పన్నెండున్నర అంటున్న, నువ్వు ఒంటిగంట తర్వాతది చూపిస్తున్నవ్."

బాబు మియా భూమయ్య ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఖమరుద్దీన్ ఆ ఆరో రీలు గురించి నీకేమన్నా చెప్పినాడా?"

"గురువారం నాడు నవ్వుకుంట చెప్పిండు సారూ. 'భూమయ్యా, నీ వీసాల మేస్త్రి అని ఉంటది, నువ్వు చేసేది వాచ్‌మన్ పని. గీ సిన్మా గుడ గంతే' అన్నడు. మూడు దేశాలు కలిసి తీసిన్రట. ఇటలీ కాయితంల ఇటలాయన డైరెక్టర్ అని ఉంటదట, స్పెయిన్ కాయితంల స్పెయినాయన. ఆ ఇద్దరు తియ్యలేదట. తీసింది ఎవరో ఆడామె అట. ఆమె పేరు ఏ కాయితంల లేదు, ఆరో రీలుల కనవడ్డది అన్నడు."

"నువ్వు చూసినావా?"

"నేనేం జూస్త సారూ. చూసినా నాకు ఇంగ్లీష్ సదువొస్తదా?"

బాబు మియా లేచాడు. భూమయ్య భుజం మీద చెయ్యి వేసి, "నాలుగింటి లోపల వస్తా. యాడికీ పోవద్దు," అన్నాడు.

"యాడికి పోతడు?" అన్నాడు సురేందర్. "పాస్‌పోర్ట్ నా బీరువాల ఉన్నది."

*

జావెద్ ఆఫీసు గదిలో ఏసీ కింద కూర్చుని ల్యాప్‌టాప్ చూస్తున్నాడు. హైదరాబాద్‌లో పుట్టాడు, దుబాయ్‌లో ఉంటాడు. నలభై ఏళ్ళు. తెల్లటి నార చొక్కా, ఖరీదైన అత్తరు. పక్కనే నల్లటి గట్టి పెట్టె. అందులో తన సామాన్లు.

బాబు మియా ఆయన ఎదురుగా కూర్చుని, టేబుల్ మీదున్న ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఆ గింజను జావెద్ విజిటింగ్ కార్డు మీద జాగ్రత్తగా పెట్టాడు.

"మీరు ఎవరు?" అన్నాడు జావెద్, గింజ వైపు చూస్తూ.

"నేనా? ఊరికే సినిమాలు చూసేటోన్ని. ఒక సినిమాకు ఇద్దరు డైరెక్టర్లు ఏంది సామీ? నాకు అర్థం కాలే, కొంచెం చెప్పు."

జావెద్ నవ్వాడు. తెలియనివాడికి చెప్పడంలో అతనికి సరదా ఉంది. "మియా, అది ఆ జమానా పద్ధతి. స్పెయిన్ పైసా, ఇటలీ పైసా, జర్మనీ పైసా కలిపి తీసేటోళ్ళు. ఎవరి గవర్నమెంట్ నుంచి మదద్ కావాల్నంటే వాళ్ళ పేర్లు ఉండాలె. అందుకే ఏ దేశం ప్రింట్‌ల ఆ దేశం పేర్లు. సెట్‌ల ఒకడు ఇటాలియన్ మాట్లాడ్తడు, ఒకడు జర్మన్, ఒకడు స్పానిష్. తర్వాత డబ్బింగ్. ఎవని గొంతు ఎవనిదో వానికే తెల్వదు."

"మరి నిజం డైరెక్టరు ఎవరు?"

"స్పెయిన్ ఆయన. నన్ను పంపిన ఫౌండేషన్ ఆయన పేరు మీదనే ఉంది. ఆయన కొడుకు నడుపుతడు. వచ్చే నెల మాడ్రిడ్‌ల ఆయనకు పెద్ద సన్మానం, ఈ ప్రింట్‌తోని."

"అబ్బో. ఆరో రీలు పోయిందే, సన్మానం యెట్ల?"

"కుచ్ నహీ. పోయింది పద్దెనిమిది నిమిషాలే. మిగిలిన ఏడు రీళ్ళు నాకిచ్చెయ్యమని సురేందర్ సాబ్‌కి చెప్తున్న. పోలీసులొచ్చి సీల్ వేస్తే ఆరు నెలలు ఇక్కడనే పడుంటయి."

"నువ్వు పదకొండు నలభైకి పోయి ఏం చేసినావు?"

"హోటల్. పక్క మసీదుల జుమ్మా. తర్వాత నిద్ర." జావెద్ ల్యాప్‌టాప్ మూశాడు. "ఇది ఇంటరాగేషనా? నువ్వు ఎవరు, పోలీసా? నేను రెండు రీళ్ళు చూసిన, సంతకం పెట్టిన, పోయిన. ఆరో రీలు నేను కళ్ళతోని చూడలె. దొంగ క్యాబిన్‌ల కూసున్నడు, పోయి వాన్ని అడుగు."

ఆ గొంతులోని చులకన బాబు మియాకు నచ్చలేదు. నచ్చనివాడిని ఒక్కసారైనా ఉలిక్కిపడేలా చెయ్యకపోతే ఆయనకు అన్నం సహించదు. చిన్నప్పుడు మౌల్వీ సాబ్ కుర్చీ కింద తాటాకు బాంబు పెట్టినప్పటి నుంచీ ఉన్న జబ్బు అది.

"అడిగినా," అన్నాడు బాబు మియా, లేస్తూ. "గమ్మత్తు ఏందంటే, గురువారం నాడు ఆ రీలు భూమయ్య గూడా చూసినాడంట. క్లాప్ బోర్డు మీద పేరుంటే దాన్ని చదివినాడంట. ఆడమనిషి పేరు. నాలుగింటికి పోలీసులకు చెప్తానంటాండాడు."

అంతా అబద్ధం. జావెద్ ముఖం మాత్రం మారలేదు. అతని చెయ్యి మారింది. ఖర్జూరం గింజ ఉన్న విజిటింగ్ కార్డును గింజతో సహా నలిపి పిడికిట్లో పెట్టుకుంది.

*

రెండూ నలభైకి బాబు మియా ప్రొజెక్టర్ గదిలోకి వెళ్ళాడు. సురేందర్ నీడలా వెంట ఉన్నాడు. నేల కడిగేశారు. గోడకు తెర, ఎదురుగా పాత ప్రొజెక్టర్, పక్కన రీలు చేత్తో తిప్పే బల్ల. అరలో ఏడు డబ్బాలు. వెనక గోడకు సందులోకి తెరుచుకునే షట్టర్.

"ఏమున్నది చూడనీకి? అన్ని ఫోటోలు తీసిన."

బాబు మియా ఒక్కో డబ్బా మూత తీశాడు. ఒకటి నుంచి ఐదు దాకా ప్రతి రీలు చుట్టూ తెల్ల కాగితం పట్టీ ఉంది. దాని మీద ఖమరుద్దీన్ చేతిరాత, శుక్రవారం తేదీ. ఏడు, ఎనిమిది రీళ్ళకు పట్టీ లేదు.

"ఇది ముసలాయన పద్ధతి," అన్నాడు. "రీలు నడిపినాక మళ్ళా మొదటికి తిప్పి, పట్టీ చుట్టి, డబ్బాలో పెట్టినాకనే ఇంకోటి ముట్టుకుంటాడు. మబేలా చాయ్ హోటల్లో పదేండ్లు నా చెవులు తిన్నాడు ఈ కథ చెప్పి. ఒకటీ రెండూ జావెద్ ఉండంగా చూసినారు. మూడు, నాలుగు, ఐదు అతను పోయినాక. అవునా?"

"కావచ్చు."

"ఒక్కో రీలు ఎంతసేపు?"

సురేందర్ గోడకున్న లిస్టు చూశాడు. మాడ్రిడ్ నుంచి వచ్చిన కాగితం. "ఎనిమిదింట్ల ప్రతి రీలుకు ఒక్కటే లెక్క రాసి ఉన్నది. ఇరవై రెండు నిమిషాలు."

"వెనక్కి తిప్పడానికి, కొత్తది ఎక్కించడానికి తొమ్మిది నిమిషాలు వేసుకో. రీలుకు ముప్పై ఒకటి. పదకొండు నలభై అయిదుకు మొదలుపెట్టినాడు అనుకో. ఐదో రీలు పట్టీ చుట్టేసరికి ఎంత అయితాది?"

 సురేందర్ వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు.

"ఒంటిగంటా పద్దెనిమిది," అన్నాడు బాబు మియా. "పన్నెండున్నరకు తల పగిలిన మనిషి ఒంటిగంట దాకా సినిమా ఆడించినాడా నాయనా? అట్లాంటి ఆపరేటర్ దొరికితే నేనే హాలు పెడతా."

"ఆగు చిచ్చా. ఆ దినం జుమ్మా. పన్నెండింటికి పని బంద్ చేసి నమాజుకు తయారైతడు. మీ మనుషులు ఎవ్వరైనా అంతే."

"మా మనుషుల సంగతి నువ్వు నాకు చెప్తాండావు. ఖమరుద్దీన్ మోకాళ్ళు పోయి రెండు నెలలైంది. మసీదు మెట్లు ఎక్కలేక గదిలోనే చదువుకుంటాండాడు. నువ్వు ఎప్పుడన్నా ఆయన్ను అడిగినావా, చాచా, కాలు యెట్లుండాది అని?"

 అప్పుడే సురేందర్ ఫోన్ మోగింది. టైము రెండూ నలభై ఎనిమిది. "వస్తున్న," అని బయటికి వెళ్ళాడు. ఆరు నిమిషాల తరవాత తిరిగి వచ్చినప్పుడు ముఖంలో ఏదో తృప్తి ఉంది. బాబు మియా దాన్ని చూశాడు గానీ, అడగలేదు. ఆయన అప్పటికే ప్రొజెక్టర్ వెనక మోకాళ్ళ మీద ఉన్నాడు.

"ఇట్లా రా. ఇదేంది?"

దీపం పెట్టె పక్కన చిన్న మీటరు. బల్బు ఎంతసేపు వెలిగిందో గంటల్లో, నిమిషాల్లో చూపిస్తుంది. బల్బులు దొరకవని, ఖమరుద్దీన్ రోజూ దాన్ని ఒక అట్ట మీద రాసిపెట్టేవాడు. శుక్రవారం పదకొండు నలభైకి రాసిన వరసలో 412 గంటల 10 నిమిషాలు అని ఉంది. పక్కన జావెద్ సంతకం.

"ఇప్పుడు ఎంతుందో సదువు."

"నువ్వే సదువు."

"నేను సదివితే నేను మార్చినా అంటావు. నువ్వు సదువు."

సురేందర్ వంగాడు. "నాలుగు వందల పదమూడు. ముప్పై నాలుగు."

"అంటే జావెద్ పోయినాక బల్బు ఎనభై నాలుగు నిమిషాలు వెలిగింది. మూడు రీళ్ళకు అరవై ఆరు. మిగిలింది?"

"పద్దెనిమిది."

"ఆ పద్దెనిమిది నిమిషాలూ ఆరో రీలు ఆడింది. ఇరవై రెండు కాదు. లిస్టు తప్పు, రీలు పొట్టిది. ఆ సంగతి ఇంకో కాయితంలో ల్యాదు. ఆ రీలు ఆడతాంటే ఈ గదిలో నిలబడి చూసినోడికి తప్ప ఇంకోడికి తెలియదు." బాబు మియా నెమ్మదిగా లేచాడు. "సురేందర్, అరగంట కింద ఆఫీసు గదిలో జావెద్ నాతో ఏమన్నాడో తెల్సునా? పోయింది పద్దెనిమిది నిమిషాలే అన్నాడు. ఆ రీలు కళ్ళతో చూడనే ల్యాదని గూడా ఆ నోటితోనే అన్నాడు."

బాబు మియా అరలో ఆరో డబ్బా ఉండాల్సిన చోట వేలు పెట్టాడు.

"ఆరో రీలు ఒకటీ పద్దెనిమిదికి మొదలు. ఒకటీ ముప్పై ఆరుకు అయిపోయింది. ఏడోది ఎక్కించడానికి తొమ్మిది నిమిషాలు, ఆ లోపలే దెబ్బ పడింది. ఆ టైములో భూమయ్య గేటు కాడ, పెండ్లాం ముఖం చూస్తా ఉండాడు. పన్నెండు ముప్పై అయిదుకీ యాభై అయిదుకీ మధ్యలో, దగ్గరికి జరిపిన గేట్లోంచి జావెద్ లోపలికి వచ్చినాడు. పొద్దున ఖమరుద్దీన్ పాపం నవ్వుకుంటా ఆ ఆడమనిషి పేరు సంగతి ఈయనకూ చెప్పుంటాడు. ఆ పేరు బయటపడితే మాడ్రిడ్ సన్మానం మట్టి. యాడుందో చూద్దాం అని ఖమరుద్దీన్ పక్కన కూర్చున్నాడు. చూసినాడు. కొట్టినాడు. రీలు నల్లపెట్టెలో పెట్టి, డబ్బా క్యాబిన్ మంచం కిందికి నెట్టినాడు."

"భూమయ్య అక్కడ్నే ఉన్నడు గద, యెట్ల నెడ్తడు?"

"భూమయ్య రెండూ ఐదుకు టీ పట్టుకొని లోపలికి రాలేదా? క్యాబిన్ ఖాళీ. జావెద్ పోయింది ఆ షట్టర్లోంచి, సందులోంచి తిరిగి గేటు ముందుకు. రీలు దొంగిలించేటోడు డబ్బాతో పట్టుకుపోతాడు గానీ, రెండువేల అడుగుల ఫిల్ము ఊడదీసి ఒట్టి చేతుల్తో పట్టుకుపోతాడా?" షట్టర్ వైపు చూపించాడు. "శుక్రవారం నువ్వు వచ్చినప్పుడు ఆ గొళ్ళెం వేసి ఉండెనా, తీసి ఉండెనా?"

సురేందర్ షట్టర్ దాకా వెళ్ళి గొళ్ళెం ముట్టుకున్నాడు.

"తీసి ఉండె," అన్నాడు చివరికి.

"రిపోర్టులో ఎందుకు రాయలే?"

"రాస్తే, ఎందుకు చూసుకోలె అని నన్ను అడుగుతరు. ఆ దినం డ్యూటీ నాది. నేను అల్ హైల్ల ఇంట్ల పండుకున్న. ఫోన్ వస్తే లేచొచ్చిన." తలెత్తాడు. కళ్ళలో సిగ్గు కంటే కోపమే ఎక్కువ ఉంది. "ఇప్పుడు అర్బాబ్‌కు చెప్పి నా నౌకరి పీకిస్తవా?"

"నీ నౌకరి నాకెందుకు? భూమయ్యను విడిపించు. నడు."

*

మూడూ పన్నెండుకు ఇద్దరూ క్యాబిన్ తలుపు తీశారు. స్టూలు ఖాళీగా ఉంది. గేటు బయట జావెద్ తెల్లకారు ఆపిన చోట నూనె మరక మాత్రం మిగిలింది.

బాబు మియా వెనక్కి తిరిగాడు. "యాడ?"

సురేందర్ తడబడ్డాడు. "జావెద్ సాబ్ తీస్కపోయిండు. స్టేషన్ నుంచి ఫోన్ వచ్చిందన్నడు. పోలీసులకు ఇటు రానీకి వీలుకాదట, మనల్నే తెమ్మన్నరట. ఆయన గుడ స్టేట్‌మెంట్ ఇయ్యాల్నట. తన బండ్లనే తీస్కపోత అన్నడు."

"నువ్వు పంపినావు."

"పంపిన. నువ్వు ఈడ పతంగులు ఎగరేసేలోపట పని అయిపోతది అనుకున్న."

"పాస్‌పోర్టు?"

"కేసుకు కావాలన్నడు. ఇచ్చిన."

 ఆ రోజు మొదటిసారి బాబు మియా ముఖంలో ఎగతాళి లేదు. సురేందర్ స్టేషన్‌కి ఫోన్ చేశాడు. హిందీలో అడిగాడు, విన్నాడు, పెట్టేశాడు.

"వాళ్ళు ఎవ్వరికి ఫోన్ చెయ్యలేదట. నాలుగింటికి వస్తమనే అంటున్నరు."

"జావెద్‌కు కొట్టు."

కొట్టాడు. స్విచ్ ఆఫ్. భూమయ్య నంబర్ కొట్టాడు. ఫోను క్యాబిన్‌లో, చార్జింగ్ వైరు చివర, అక్కడే మోగింది.

బాబు మియా గోడకు ఆనుకున్నాడు. "సురేందర్, తప్పు నీదొక్కనిదే కాదు. జావెద్ ఉలిక్కిపడాలని నేనొక అబద్ధం చెప్పినా. భూమయ్య ఆ రీలు చూసినాడు, పేరు చదివినాడు, పోలీసులకు చెప్తాడు అని."

"చూసిండా?"

"ఏమీ చూళ్ళేదు. చూసినా చదవలేడు. ఆ మాట నేను పుట్టించినా. నేను పుట్టించిన మాట విని వాడు మనిషిని తీసుకపోయినాడు. నువ్వు పాస్‌పోర్టు చేతికిచ్చినావు. ఇంక దొంగ పారిపోయినాడని రాయడానికి కావాల్సినవన్నీ వాని దగ్గరే ఉండాయి."

సురేందర్ చేతిలో ఫోన్ చిన్నగా మోగింది. మెసేజ్. జావెద్ నంబర్ నుంచి. పంపగానే మళ్ళీ స్విచ్ ఆఫ్ చేసినట్టున్నాడు. సురేందర్ చదివి, బాబు మియాకు చూపించాడు.

'మీ వాచ్‌మన్ సిగ్నల్ దగ్గర డోర్ తెరిచి దూకేసిండు. పాస్‌పోర్ట్ లాక్కొని ఉరికిండు. పట్టుకోలేకపోయిన. పోలీసులకు చెప్పండి.'

"పరిగెత్తినాడంట," అన్నాడు బాబు మియా. గొంతులో చిన్న ఆశ. "నిజమైతే బాగుండు. దూకి యాడన్నా దాక్కుంటే మనం వెతుక్కోవచ్చు. మబేలా వైపు మన మనుషులు ఉండారు, ఒక్కొక్కరికి ఫోన్ చేస్తా."

సురేందర్ తల అడ్డంగా ఊపాడు. ఏసీ వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగుల కట్ట అతని జేబులోంచి కొంచెం బయటికి కనబడుతోంది. దాన్ని తీసి క్యాబిన్ బల్ల మీద పెట్టాడు. 

"ఫోన్లు చెయ్యకు చిచ్చా. భూమయ్య దూకలే," అన్నాడు. "రెండు చేతులు వెనక్కి విరిచి, గీ ట్యాగులతోని సీటుకు కట్టి పంపింది నేనే."